మూడు వందల ఏళ్ళ చొక్కా

మా వదిన టీవీ స్టూడియోలో దర్జీ. పోలీసుల యూనిఫారాలు, డాక్టర్ల కోట్లు, దయ్యాల తెల్ల గౌన్లు, అన్నీ ఆమె మిషను మీదే పుడతాయి. నేను అక్కడే వ్యాను నడుపుతాను. దేన్నయినా చూసి నోరెళ్ళబెట్టే రకాన్ని కాను. ఆ చొక్కా సంగతి వేరు.

దిండంత లావున్న ఒక నవలని సీరియల్‌గా తీస్తున్నారు. భూమి పాడైపోతే కొందరు అంతరిక్ష నౌక ఎక్కి మరో గ్రహానికి బయల్దేరతారు. ప్రయాణం మూడు వందల ఏళ్ళు. ఎక్కినవాళ్ళెవరూ దిగరు. వాళ్ళ మునిమనవల మునిమనవలు దిగుతారు. ఇది వినగానే వదిన మిషను ఆపేసింది.

"అంటే, మధ్యలో పుట్టినోళ్ళు నేలే చూడకుండా పోతారా?" అంది.

ఆ మూడు వందల ఏళ్ళని ఎలా చూపించాలో ఎవరికీ పాలుపోలేదు. "మూడు వందల ఏళ్ళ తరువాత అని అక్షరాలు వేసేద్దాం," అన్నాడు డైరెక్టరు. వదినకి ఒళ్ళు మండింది.

"అన్ని బతుకుల్నీ ఒక్క ముక్కలో తేల్చేస్తారా సార్? ఒక చిన్నపిల్లల చొక్కా తరతరాలకీ చేతులు మారినట్టు చూపించండి. నేను కుట్టిస్తా."

"సరే, శుక్రవారం తీసి చూద్దాం. నమ్మబుద్ధి కాకపోతే మాత్రం అక్షరాలే," అన్నాడాయన.

ఇక మా ఇల్లు ఇల్లులా లేదు. చొక్కా ఒకటే, కానీ తరానికొకటి కుట్టాలి: కొత్తది, వెలిసిపోయినది, మాసికలు పడ్డది. టీ నీళ్ళలో నానబెట్టి, ఇటుకతో రుద్ది, ఎండలో పడేసి వాటిని ముసలివి చేసింది. మా అన్నయ్య వంటింటికి అంకితమైపోయాడు. గురువారం పొద్దున అన్నీ వరసగా తాడు మీద వేసి చూసి, తల పట్టుకుని కూలబడింది.

"ఏమైంది వదినా? భేషుగ్గా ఉన్నాయిగా!"

"నా మొహంలా ఉన్నాయి! మాసికలన్నీ చూడు, ఒకే చేతి కుట్టు. మూడొందల ఏళ్ళూ నేనే బతికున్నట్టుంది."

నిజమే! అప్పుడు గానీ నా కళ్ళకి ఆనలేదు. మాసికలన్నీ విప్పేసి స్టూడియోకి మోసుకొచ్చింది. కనబడ్డవాళ్ళ చేతికల్లా సూది ఇచ్చింది. ఒక తరంలో పడ్డ మాసిక ఆ పై తరాల్లోనూ కనబడాలి గనక, ఎవరి మాసిక వాళ్ళే తరువాతి చొక్కాలన్నిటి మీదా మళ్ళీ కుట్టాలి. లైట్లతను వల అల్లినట్టు కుట్టాడు. కెప్టెను వేషగాడు వేలు పొడుచుకుని గోల చేశాడు. నా వంతు వచ్చింది.

"నాకు దారం ఎక్కించడమే రాదు. నన్నొదిలెయ్!" అని కసిరాను.

"అందుకే నువ్వు కావాలి. ఆ ఓడలో పుట్టినోళ్ళంతా దర్జీలేనా?" అంది. సూది అందుకుని కుట్టాను.

శుక్రవారం తీసినదాన్ని ఎడిటింగ్ గదిలో వేశారు. మాటల్లేవు. చొక్కా ఒక చేతిలోంచి మరో చేతిలోకి వెళుతోంది. తొడిగిన చేతులు ముడతలు పడుతున్నాయి, ఇంకేవో లేత భుజాలు వస్తున్నాయి. నా వంకర కుట్టు కనబడింది. ఒక ముసలమ్మ దాన్ని వేలితో తడిమింది. అది నేను కుట్టిందని అనిపించలేదు. ఎప్పుడో, ఆ చీకటి ఆకాశం మధ్యలో, నేల ఎరగని తండ్రెవరో బిడ్డ కోసం తంటాలు పడి కుట్టుకున్నాడు. ఏడ్చానని చెప్పడానికి నాకేం సిగ్గులేదు.

ఆఖరి పిల్ల ఆ చొక్కా తొడుక్కుని ఓడ తలుపు ముందు నిలబడింది. మోచేతి దగ్గర చిరుగు ఉంది, మాసిక లేదు.

డైరెక్టరు తెర మీది చిరుగుని వేలితో చూపించాడు. "అది కుట్టడం మర్చిపోయావా అమ్మా?"

"లేదు సార్," అంది వదిన. "దిగాక కుట్టుకుంటారు."

ఆయన ఎడిటరు వైపు తిరిగి, "అక్షరాలు ఇక వద్దు," అన్నాడు.