నాన్న కాలి గండపెండేరం

మా నాన్న కుస్తీ వస్తాదు. బందరులో ఆయన తాలింఖానాలో మట్టి పూసుకోని కుర్రాళ్ళు మా పేటలో తక్కువ. నేను ఆయన కుస్తీ చూసింది ఒక్కసారే, గుడివాడలో, మావయ్య భుజాలెక్కి. ఎదుటివాడు దివిసీమ నుంచి వచ్చిన పహిల్వాను. పొద్దుగూకేదాకా అతను నాన్న ఎడమకాలు ఒడిసిపట్టాలని చూశాడు, చిక్కలేదు. చివరికి తనే వెల్లకిలా పడ్డాడు. వీపు నేలకి తగిలితే ఓడినట్టే. నాన్న వెంటనే అతన్ని లేపి, వీపుకంటిన మట్టి తన చేత్తో దులిపాడు. ఎవరిని ఓడించినా అలాగే చేసేవాడట. జనం వేసిన ఈలల కన్నా నాకు ఆ దులపడమే గుర్తుండిపోయింది.

నాన్న కుస్తీలు మానేశాక, పంతొమ్మిది వందల అరవైల మొదట్లో, ఊరి పెద్దలు సభపెట్టి ఆ ఎడమకాలికే వెండి గండపెండేరం తొడిగారు. "ఇది నాతో పాటు కాటికే వస్తుంది" అని నాన్న మైకులో అన్నాడు. మైకు కనబడితే ఏదో ఒకటి అనకుండా ఉండలేకపోవడం ఆయన జబ్బు. అమ్మ తల పట్టుకుంది.

రెండేళ్ళు తిరక్కుండానే నాన్నకి చలిజ్వరం పట్టుకుంది. మా బందరు దోమలు వస్తాదని చూసి వదిలేస్తాయా? బోదకాలు వచ్చింది, అదీ ఎడమకాలికే. కాలు పొంగేకొద్దీ పెండేరం కండలోకి దిగబడింది, దాని సీల ఎక్కడుందో కూడా కనబడలేదు. చుట్టూ చర్మం నల్లబడి రసి కారేది. దాన్ని కోసి తియ్యకపోతే కాలే తియ్యాల్సొస్తుందన్నాడు డాక్టరు. ఆరోజు పెండేరం తొడిగి ఫోటోలు దిగిన పెద్దమనుషుల్లో ఒక్కడూ చూడ్డానికి రాలేదు. వాళ్ళ మీద నాకు ఇప్పటికీ కోపమే.

"నలుగురిలో అన్నమాట అమ్మాయ్, తియ్యనివ్వను" అనేవాడు నాన్న.

"ఆ నలుగురూ ఏరీ ఇప్పుడు? మాట కోసం కాలు పోగొట్టుకుంటావా?" అని అరిచాను. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మా మాట ఎక్కదని తెలిసి, దివిసీమ పహిల్వానుకి కబురు పెట్టాను. మర్నాడే బస్సు దిగాడు. జుట్టు బాగా నెరిసింది. నేను పిలిపించిన కంసాలి అప్పటికే సన్నరంపంతో అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పహిల్వాను వచ్చి, అరుగు మీదే ఉన్న నాన్న ముందు చతికిలబడి రెండు చేతులూ చాపాడు.

"అన్నయ్యా, ఆ కాలు ఇలా ఇవ్వండి. గుడివాడలో ఎన్ని తిప్పలు పడ్డా నా చేతికి చిక్కనివ్వలేదు మీరు."

నాన్న పంచె మోకాలిదాకా లాక్కున్నాడు. "సరే, పట్టు" అని కాలు తీసి అతని ఒళ్ళో పెట్టాడు.

రంపం ఆడినంతసేపూ అతను ఆ కాలుని పసిబిడ్డని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. వెండి తెగి కండలోంచి ఊడి వస్తుంటే నాన్న నొప్పికి తాళలేక వెనక్కి ఒరిగిపోయాడు. వీపు అరుగుకి తగిలింది.

పహిల్వాను గబగబా నాన్నని లేపి కూర్చోబెట్టి, వీపు దులపడం మొదలుపెట్టాడు. అమ్మ పొద్దున్నే కడిగిన అరుగది, మట్టన్నదే లేదు. అయినా దులుపుతూనే ఉన్నాడు. నాన్న అతని భుజం మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చాడు.

కాలు దక్కింది. ఓడినవాడికి అక్కడ పనేమిటంటూ నాన్న మళ్ళీ తాలింఖానాలో అడుగుపెట్టలేదు.