ముషర్రఫ్ సార్ కడుపు, సోమవారం డెమో

అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ నేర్పే సార్లకు ఇంటిపేర్లతో పని లేదు. జావా ఫలానా, ఒరాకిల్ ఫలానా అంటే చాలు. ఆ లెక్కన మన మనిషి టెస్టింగ్ ముషర్రఫ్. ఒకప్పుడు పంజగుట్టలో టైపు నేర్పేవాడు. కంప్యూటర్లొచ్చి ఆ మిషన్లు పాత ఇనుము కొట్టుకు పోయాక, నలభై ఏళ్ల వయసులో, తన పిల్లల ఈడు వాళ్ల పక్కన బెంచీ మీద కూర్చొని, ప్రోగ్రాముల్లో బగ్గులు, అంటే తప్పులు, వెతికి పట్టుకునే టెస్టింగ్ నేర్చుకున్నాడు. రెండువేల ఆరు వచ్చేసరికి మైత్రీవనం వెనక సందులో, పొద్దున ఆరున్నర బ్యాచికే ఆయన ముందు నూటయాభై మంది కూర్చునేవారు.

షుగర్ ఉందన్నప్పుడు ఆయన బెదరలేదు. చాయ్‌లో చక్కెర మానేశాడు, దావత్‌లో ఖుబానీ మీఠా వైపు చూడకుండా చేయి కడుక్కున్నాడు. బెదరగొట్టింది కడుపు. గుడగుడమంటూ మొదలై ఉబ్బిపోయేది, గ్యాసు తన్నుకొచ్చేది, ఆ తర్వాత ఇక పరుగే. నాలుగంతస్తుల ఆ ఇన్‌స్టిట్యూట్‌కు ఉన్నది ఒకటే టాయిలెట్, దాని తాళంచెవి రిసెప్షన్ టేబుల్ మీద. క్లాసు మధ్యలో రెండుసార్లు అడిగితే కింద చాయ్ బండి దాకా తెలిసిపోతుంది. అందుకని మోగని ఫోను చెవిన పెట్టుకొని, హలో హలో అంటూ బయటికి ఉరికేవాడు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు, ఈయనకు చించుకోకుండానే పడేలా ఉంది.

అమీర్‌పేటలో మొదటి క్లాసు ఊరికే వినొచ్చు. దాన్ని డెమో అంటారు. నచ్చితే పిల్లలు పేరు రాయిస్తారు, నచ్చకపోతే ఎదురు బిల్డింగు ఎక్కుతారు. పోయిన నెల డెమోలో సార్‌కు రెండు 'ఫోన్లు' వచ్చాయి, సగం హాలు ఎదురు బిల్డింగు ఎక్కింది. ఇన్‌స్టిట్యూట్ నడిపే కామరాజు గోదావరి వైపు మనిషి, మాట మెత్తన.

"ముషర్రఫ్ గారూ, వచ్చే డెమో కూడా మీరే చెప్పండి. కానీ మళ్లీ మధ్యలో లేచి వెళ్తే మాత్రం, నేను ఇంకొకరిని చూసుకోవాలండి" అన్నాడు.

అప్పుడు మన చదువుకున్న మనిషి చేసిన పని చూడండి. షుగర్ గోలీ కడుపు పాడు చేస్తుందని ఎవరో అన్నారని, ఎవరికీ చెప్పకుండా పొద్దుటి గోలీ మానేశాడు. కడుపేమో అలాగే ఉంది, షుగర్ మాత్రం మూడువందలకు దగ్గరైంది. వాడని గోలీల పట్టీలు బీరువాలో బట్టల కింద భార్య షహజాదికి దొరికాయి. ఆమె ఆ పట్టీలు సంచిలో వేసుకుంది. బురఖా వేసుకొని, ఆయన్ని ఆటో ఎక్కించి, పంజగుట్టలో డాక్టర్ అరుణాదేవి ముందు కూర్చోబెట్టింది.

గోలీ సొంతంగా మానినందుకు డాక్టరమ్మ బాగానే కడిగేసింది. తిన్న తర్వాత వేసుకోవాలని, అప్పటికీ పడకపోతే తను మారుస్తానని చెప్పింది. బయట ఏం తింటారని అడిగితే ఏమీ తిననన్నాడు. ఆమె నమ్మలేదు. ఐదు రోజులు నోట్లోకి పోయిన ప్రతిదీ రాసుకు రమ్మంది.

టెస్టింగ్ చెప్పేవాడికి రాయడం నేర్పాలా? జొన్నరొట్టె, పప్పు, చాయ్, అన్నీ టైములతో సహా రాశాడు. వాటి మధ్యన చక్కెర లేని పిప్పరమెంట్లు. క్లాసులో గొంతు ఎండిపోతుందని బేగంపేట షాపు నుంచి షహజాదే డబ్బాలు తెప్పించేది. చక్కెరే లేనప్పుడు అదీ ఒక తిండేనా అని ఇన్నాళ్లు లెక్కలోకి తీసుకోలేదు. రాయమన్నారు కాబట్టి రాశాడు. మొదటి రోజు పద్దెనిమిది, రెండో రోజు ఇరవై రెండు.

ఐదు రోజుల తర్వాత ఆ కాగితం చూసి, డాక్టరమ్మ పిప్పరమెంట్ల డబ్బా చూపించమంది. జేబులోంచే తీశాడు. ఆమె దాన్ని తిరగేసి, అడుగున చీమతలకాయంత అక్షరాలు చదవమంది. చక్కెర బదులు ఇందులో వాడిన తీపి ఎక్కువగా తింటే విరేచనాలు కావచ్చునని ఉంది. కాగితం చివరి లైను దాకా చదవాలని ప్రతి బ్యాచికీ మొదటి రోజే చెప్పే మనిషి! చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతా వెతికినట్టయింది. సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి, అంతలోనే నవ్వొచ్చింది. షహజాది కూడా ముసుగు చాటున నవ్వింది.

గోలీ కూడా ఇప్పుడే మార్చమంటారా అని డాక్టరమ్మ అడిగింది.

"ఒక్కసారికి ఒక్కటే మారుద్దాం మేడం. లేకుంటే ఏది తప్పో ఎట్ల తెలుస్తది?" అన్నాడు ముషర్రఫ్.

పిప్పరమెంట్లు మానేశాడు, తిన్నాక గోలీ మాత్రం ఎప్పటిలాగే వేసుకున్నాడు. మూడో రోజుకు కడుపు నెమ్మదించింది. అయినా సోమవారమే డెమో కావడంతో, ఆదివారమంతా కడుపు మీద చేయి వేసుకొనే తిరిగాడు.

సోమవారం హాలు నిండి పిల్లలు మెట్ల మీద కూర్చున్నారు. గంట గడిచింది. గంటంపావుకు కామరాజు తలుపు సందులోంచి తొంగి చూశాడు. సరిగ్గా అప్పుడే కడుపు గుర్రుమంది. బోర్డు మీద సార్ చేయి ఆగిపోయింది. ఒక్క నిమిషం ఊపిరి బిగబట్టి చూశాడు. అది ఆకలి. ఎన్నో నెలల తర్వాత వచ్చిన మామూలు ఆకలి. ఆయన ప్రాణం లేచొచ్చింది.

వెంటనే పిల్లల వైపు తిరిగాడు. "బగ్గు అంటే ఏందో చెప్త ఇనుండ్రి. నా కడుపులనే దొరికింది" అని మొదలుపెట్టి, గోలీ మానిన సంగతి, దొంగ ఫోన్ల సంగతి, పిప్పరమెంట్ల సంగతి, ఏదీ దాచకుండా చెప్పేశాడు. హాలు హాలంతా పడీపడీ నవ్వింది. రెండు గంటల పది నిమిషాలు నిలబడి చెప్పాడు, ఒక్కరూ లేవలేదు, ఆయనా కదల్లేదు. కింద పేర్లు రాసీ రాసీ కామరాజుకు చేయి నొప్పెట్టింది.

అందరూ పోయినా వెనక బెంచీలో ఒక పెద్దమనిషి మిగిలాడు. యూసుఫ్‌గూడ కనకయ్య, కూతురు సుష్మితను చేర్పించడానికి వచ్చాడు. కూతుర్ని కిందికి పంపించి దగ్గరికొచ్చాడు.

"సారూ, నాకు షుగరొచ్చి ఎనిమిదేండ్లు. గిదే బాధ. బస్సెక్కుడు బందువెట్టిన, పెండ్లిళ్లకు పోవుడు బందువెట్టిన. ఇంట్ల సుత ఎవలకు చెప్పలే. గంతమందిల మీరెట్ల చెప్పిన్రు?" అని అడిగాడు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి.

ముషర్రఫ్ చాక్‌పీసు పక్కన పెట్టాడు. కుర్చీ లాగాడు. "కూసో అన్నా. నీకేది పడ్తలేదో డాక్టరే చెప్పాలె, రేపు మా మేడం దగ్గరికి నేనే తోల్కపోత. గోలీ మాత్రం బందువెట్టకు. పొద్దుగాల్నుంచి ఏమేం తిన్నవో చెప్పు, రాస్త."

తర్వాతి బ్యాచి పిల్లలు తలుపు దగ్గరికి వచ్చారు. ఐదు నిమిషాలు ఆగమని చెప్పిన సార్ నలభై నిమిషాలు కనకయ్య పక్కనే కూర్చున్నాడు.