గ్లాసు అడుగున ఎర్ర చుక్క

ఐదారేళ్లుగా ఒక చుక్కను మోస్తున్నాను. చుక్కకు బరువేమిటని నవ్వకండి. నవ్వించడమే నా పని అనుకుని బతికినవాణ్ణి. ఎనిమిదో తరగతిలో బడి మానేశాను గానీ, నా నోరు మాత్రం పైచదువులు చదివింది.

గణపవరం దారిలో చేపలకు ఐసు వేసి ట్రేలకెత్తే షెడ్డులో పని. ఐసు కొట్టే మిషను చూసుకునేది మస్తాన్ బాబాయ్. ఆయనదీ నాదీ తాడేపల్లిగూడెమే. పదిమందిమీ కలిసి టీ తాగేవాళ్లం. ఏ గ్లాసు ఎవరిదో ఎన్నడూ చూసుకోలేదు. కరోనా మొదటి రోజుల్లో ఆయనకు దగ్గు పట్టుకుంది. ఆ జబ్బు తెచ్చింది సాయిబులేనని అప్పుడు ఫోన్ల నిండా మాటలే. ఒక పొద్దున, ఆయన రాకముందు, ట్రేల మీద నంబర్లు వేసే ఎర్ర రంగుతో ఒక గ్లాసు అడుగున చుక్క పెట్టి, "ఇది సాయిబుగారి స్పెషలండీ" అన్నాను. అందరూ నవ్వారు. నాకు కావలసింది ఆ నవ్వే. మర్నాటి నుంచి ఎవరూ నవ్వలేదు. ఆ గ్లాసు మాత్రం ఆయనకే ఇచ్చారు.

వారానికి ఆయన దాన్ని తిరగేసి చూశాడు.

"ఏరా, ఈ చుక్క ఎవరు పెట్టారు?"

"తెలీదు బాబాయ్. మీకు దిష్టి తగలకుండా ఎవరో పెట్టుంటారండీ."

ఆయనా నవ్వాడు. ఆ తర్వాత మా ముందు దగ్గడం మానేశాడు. దగ్గు వస్తే, మాకు వినపడకుండా వెళ్లి మిషను ఆన్ చేసేవాడు. ఊరికే ఎందుకు తిప్పుతున్నారని దానికీ ఎగతాళి చేశాను. ఇంట్లో దిండులో మొహం పెట్టి దగ్గేవాడట. రెండేళ్లకు నెత్తురు పడితే తెలిసింది, టీబీ అని. మందులతో జబ్బు తగ్గింది, ఊపిరి మాత్రం తిరిగి రాలేదు. ఇప్పుడు నాలుగు మెట్లెక్కలేడు.

జబ్బు నా చుక్క వల్ల వచ్చిందా? రాలేదు. మరి దాన్ని దాచుకునేలా చేసిందెవరు? షెడ్డంతా అని సర్దిచెప్పుకున్నాను, ఆ ఫోన్లే అని సర్దిచెప్పుకున్నాను. రంగు డబ్బా మూత తీసిన చెయ్యి నాది.

నెలనెలా ఆయన్ని బండి మీద ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్తాను. అందరూ దూరం పెట్టినప్పుడు వీడొక్కడే తనతో నవ్వాడని నర్సమ్మకు చెబుతాడు. అప్పుడు నా నోటికి ఒక్క జోకూ రాదు. నిజం చెబితే ఆ ఒక్కడు కూడా ఆయనకు లేకుండా పోతాడని ఆగిపోతాను. అది ఆయన మీద జాలా, నా మీద నాకే జాలా? తేల్చుకోలేక అలిసిపోయాను.

అందుకే మీకు చెబుతున్నాను. ఆ చుక్క పెట్టింది నేనే.

ఎన్నాళ్లుగానో బిగబట్టిన దగ్గు బయటికొచ్చినట్టుంది. ఆ పాటి సుఖం ఆయనకు మా మధ్య దక్కలేదు.