డాల్ఫిన్ ఊపిరితిత్తుల్లో పురుగులు

నేను యానాంలో పశువుల డాక్టర్ని. పోయిన ఏడాది దరియాలతిప్ప దగ్గర ఒక డాల్ఫిన్ ఒడ్డుకు కొట్టుకొచ్చి చచ్చిపోతే, కోసి చూడమని నన్ను పిలిచారు. అంతవరకూ నేను కోసినవన్నీ గేదెలే. ఊపిరితిత్తులు తెరిస్తే లోపల గాలి గొట్టాల నిండా తెల్లటి దారాల్లాంటి పురుగులు, ఉండలు ఉండలుగా ఉన్నాయి.

"ఊపిరాడక పోయింది పాపం," అన్నాను.

చేపలమ్మే ఒకావిడ ఆ మాట వినగానే, పక్కనే చుట్ట కాలుస్తున్న మొగుడి వైపు తిరిగింది. "ఇన్నావా? ఊపిరితిత్తులు పాడైపోయి చచ్చిందంట!"

"దీనికి పొగతో సంబంధం లేదమ్మా, పురుగుల వల్ల," అన్నాను.

ఆవిడ నా చెవి దగ్గరకొచ్చి, "మీరూరుకోండి డాట్రుగారండీ! ఇన్నాళ్లకి నాకో సాక్ష్యం దొరికింది," అంది.

నవ్వు ఆపుకోలేక గ్లౌజులు విప్పుకుంటూ నీళ్ల వైపు నడిచాను.

మర్నాడు ఆ చుట్ట పెద్దాయన మా పశువుల ఆసుపత్రికే వచ్చి, గేదెల వెనక వరసలో నిలబడ్డాడు.

"చుట్ట మానడం నా వల్ల కాదు గానండీ, ఆ పురుగులకి మందేదైనా ఉంటే ఇప్పించండి."