నాలుగు గళ్ల టీచరమ్మ

మా టీచరమ్మ పోయిందని మొన్న ఆదివారం ప్రార్థన ముగియగానే పాస్టరుగారు చెప్పారు. కాజీపేటలో మా రైల్వే క్వార్టర్ల వెనక సందులో ఉండేది ఆమె. నిండుగా బతికి నిద్రలోనే వెళ్లిపోయింది. అందరూ కళ్లు తుడుచుకున్నారు. నేను ఏడవలేదు. ఏడవను కూడా. ఆమెను తలచుకుంటే నాకు సంతోషమే పొంగుకొస్తుంది. ఈ ముసలాయనకు మతి తప్పిందని అనుకునేవాళ్లు అనుకోండి! ఏడో తరగతితో బడి మానేసి పట్టాల మీద గ్యాంగ్‌మన్‌గా పనిచేసినవాణ్ణి. నాకు వచ్చిన మాటల్లోనే ఆమెను మీకు చూపిస్తాను.

సమాధుల దగ్గర ఒకాయన, "పాపం, పెండ్లి లేదు, పిల్లల్లేరు. పాత పేపర్లు ముందటేసుకొని కూసునుడే అయిపాయె ఆమె బతుకంత" అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

"ఆ పేపర్లు లేకుంటే నువ్వూ నీ తమ్ముడూ యేడుందురో జర యాది చేస్కో" అన్నాను.

డెబ్బైల్లో మా దగ్గర పేపరు కొనే ఇళ్లు తక్కువ. టీచరమ్మ మిషన్ బడి నుంచి వస్తూ వస్తూ మంగలి షాపులో, చాయ్ హోటల్లో, స్టేషన్ బెంచీల మీద మిగిలిన పాత పేపర్లు ఏరుకొచ్చేది. ఆ రోజుల్లో ఉద్యోగ ప్రకటన అంటే చీమల బారులాంటి అక్షరాలతో ఒక్కటే పేరా. చదువుతుంటే ఊపిరి ఆగేది. ఆమె ఎర్ర పెన్సిలు పట్టి అందులోంచి నాలుగు ముక్కలు లాగేది. ఇంటి ముందు గోడకు బొగ్గుపొడిలో ఆకుపసరు కలిపి నల్లగా పూసి, నాలుగు గళ్లు గీసింది. కొలువు, చదువు, వయసు, ఆఖరు తేదీ. అంతే. ఆదివారం ప్రార్థన కాగానే ఆ గోడ ముందు జనమే జనం! తొర్రూరు దిక్కు నుంచి కూడా పిల్లలు బస్సెక్కి వచ్చేవాళ్లు.

ఇంత గజిబిజిలో ముక్కలు ఎట్లా దొరుకుతాయని ఒకసారి అడిగాను.

"పేజీల యేడున్నదని చూడకు తమ్మీ. ఒక పేపరోడు తారీఖును పైన ఏస్తడు, ఇంకొకడు కింద ఏస్తడు. దాని పక్కన ఏం మాట రాసున్నదో గది పట్టుకో."

ఇంకో పట్టుదల ఉండేది ఆమెకు. ప్రకటనలో వయసు రాయకపోతే ఆ గడి ఖాళీగా వదిలేసేది. ఇంతే ఉంటుందిలే అని ఊహించి నింపేది కాదు. ఒక పోరడు ఆమెను ఆట పట్టించాడు. "టీచరమ్మా, ఐదో గడి గీయి. ఎవన్ని పట్టుకుంటే పనైతదో గది రాయి!"

"గా గడి మీ ఇంటి గోడ మీద గీస్కో. మీ నాయిన మురుస్తడు" అంది. గోడ ముందు ఒకటే నవ్వులు.

ఇప్పుడు నా కూతురు హనుమకొండలో కంప్యూటర్ ముందు కూర్చుని ఇదే పని చేస్తుంది! ఏ ఆఫీసు వాళ్లు వాళ్ల వెబ్ పేజీలో ఏ మూలన ప్రకటన పెట్టినా, అందులోంచి ముక్కలు తీసి వరసగా గళ్లలో పెట్టే ప్రోగ్రాం రాసింది. ఊళ్లల్లో పిల్లలు ఫోన్లో చూసుకుంటారు. ఎట్లా బిడ్డా అంటే నాకు అర్థమయ్యేట్టు చెప్పింది. "లైబ్రరీ అని ఉంటది నాయినా. ఎవరో ముందే రాసిపెట్టిన ప్రోగ్రాముల కట్ట. పేజీని దానికిస్తే విప్పి ముందట పెడ్తది. ఏ మాట పక్కన ఏ ముక్క తియ్యాల్నో చెప్పుడు నా పని."

"మన టీచరమ్మ లెక్కనే ఉన్నదే!" అన్నాను.

"ఆమె దగ్గర నేర్చిందే గద!"

అసలు ఆ కంప్యూటర్ దాకా నా బిడ్డ ఎట్లా చేరిందో చెప్పాలి. ఎనభైల చివర్లో, అది ఇంటర్ పాసైన ఏడు, గోడ మీద ఒక కొత్త వరస పడింది. హనుమకొండలో కంప్యూటర్ శిక్షణ, ఫీజు లేదు, ఇంటర్ చదివుండాలి. నా బిడ్డ దాని ముందు నిలబడి కదలలేదు. మా వాడకట్టు పెద్దమనిషి ఒకాయన సుద్దముక్క తీసుకుని పక్కన "మగపిల్లలకు" అని రాశాడు. టీచరమ్మ కొంగుతో తుడిచేసింది.

"అందరికెర్కే గదమ్మా, మిషిన్ల పని మొగపోరలదని."

"పేపర్ల లేదన్నా. లేంది నేను రాయ, నిన్ను రాయనియ్య."

నా బిడ్డకు ఆ ఒక్క మాట చాలు. దరఖాస్తు రాసింది. టీచరమ్మతో కలిసి ముగ్గురం ఆ శిక్షణ ఆఫీసుకు పోయాం. గుమాస్తా కాగితం చూసి వెనక్కి తోశాడు.

"ఇది అబ్బాయిల కోర్సు."

"యేడ రాసిన్రు సారూ?" అంది టీచరమ్మ.

"రాయాల్నా? గంత తెల్వదా?"

"తెల్వది. పేపర్ల పడ్డదే తెల్సు నాకు."

"రూల్సు నాకే చెప్తానవా?"

"చెప్తలేను, సదువుతాన."

"పోదాం పా అక్కా" అని గొణిగాను. ఆమె పేపరు ముక్క తీసి, కళ్లజోడు సర్దుకుని, గట్టిగా చదవడం మొదలుపెట్టింది. ఎన్నడూ నాలుగు ముక్కలు తీసి మిగతాది పక్కన పడేసే మనిషి, ఆ రోజు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా ఒక్క మాట వదలకుండా చదివింది! ఉన్నది చూపించడానికి వేలు పెడితే చాలు. లేదని చూపించాలంటే మొత్తం చదవాల్సిందే. వెనక లైన్లో పిల్లలంతా చెవులు పెట్టి విన్నారు. చదవడం అయ్యాక ఒకడు అరిచాడు. "లేదు సార్! మేం గూడ ఇన్నం. మొగోళ్లని యేడ లేదు!"

గుమాస్తా మొహం గంటు పెట్టుకుని ఠపీమని ముద్ర గుద్దాడు. పరీక్ష పెట్టారు, నా బిడ్డ నెగ్గింది. ఆ రోజు మా వాడలో నేను పంచిన మిఠాయి తినని నోరు లేదు, సుద్దముక్కతో రాసినాయన నోటితో సహా!

మొదటి రోజు క్లాసుకు టీచరమ్మ కూడా మాతో వచ్చింది. లోపలికి పోనివ్వలేదు. పొమ్మని వాచ్‌మన్ కసిరినా ఆమె పోలేదు. చుట్టూ తిరిగి వెనక కిటికీ దగ్గరికి చేరింది. లోపల అబ్బాయిల మధ్య నా బిడ్డ కిటికీ పక్కనే కూర్చుని రాసుకుంటోంది. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. గొడుగు తెరిస్తే పిల్ల రాసే కాగితం మీద నీడ పడుతుందని, దాన్ని మడిచి చంకలో పెట్టుకుని, చెమట ధారలు కడుతున్నా తుడుచుకోకుండా, టీచరమ్మ గోడకు ఆనుకుని నిలబడి ఉంది.