అయిదు స్పీకర్లు, ఒక నీలం బకెట్టు

మల్కాజ్‌గిరిలో మా ఇంటి స్నానాలగదిలో ఒక నీలం ప్లాస్టిక్ బకెట్టు ఉంది. అంచు ఒకచోట చిట్లింది. పిడి ఊడిపోతే అమ్మ చీర పీలికతో కట్టింది. జంటనగరాల్లో ఇంతకంటే ఖరీదైన బకెట్టు ఇంకొకటి ఉండదని పందెం కాస్తాను. దాన్ని నేను ఏమిచ్చి తెచ్చానో చెబితే మీరు నన్ను తిడతారు. మొహమాటపడకండి. మా ఇంట్లోవాళ్లు ఆ పని ఎప్పుడో చేసేశారు.

ఎవరిని కదిలించినా సాఫ్ట్‌వేర్ అనే రోజులవి. నేనూ ఒక కంపెనీలో టెస్టింగ్ విభాగంలో ఉండేవాణ్ని. టెస్టింగ్ అంటే ఏమిటో తెలియనివారికి చెబుతాను: ఎదుటివాడు చేసిన పనిలో తప్పులు వెతికి, నలుగురి ముందూ ఎత్తిచూపి, దానికి నెలనెలా జీతం పుచ్చుకోవడం. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి. ముందు ముందు నన్ను చూసి నవ్వడానికి పనికొస్తుంది.

మా నాన్న రైల్వేలో గుమాస్తా. శ్రీకాకుళం వైపు నుంచి ఉద్యోగానికి సికింద్రాబాద్ వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మాట తక్కువ మనిషి. ఆయన పోయి అప్పటికి ఏడాది కావస్తోంది. ఆయన గొంతు ఈ భూమ్మీద ఒక్కచోటే మిగిలింది, మా చెల్లెలు సుజాత పెళ్లి వీడియో క్యాసెట్టులో. అదీ ఒక్క నిమిషం. అప్పటి పెళ్లి వీడియోలు మీకు తెలుసు కదా. మంత్రాలు వినపడవు, మేళం వినపడదు, మొదట్నుంచి చివరిదాకా సినిమా పాటలు పరిచేసేవారు. మా సుజాతకి తాళి పడింది కూడా ఒక డ్యూయెట్టు మధ్యలోనే. భోజనాల దగ్గరికి వచ్చేసరికి పాటలే అయిపోయాయో, వీడియో అతనికి ఆకలే వేసిందో, ఒక నిమిషం పాటు అసలు శబ్దం వదిలేశాడు. ఆ నిమిషంలో నాన్న బంతుల మధ్య నిలబడి, నావైపు చెయ్యి చూపిస్తూ ఏదో అంటారు.

ఏమన్నారో మాలో ఎవరికీ గుర్తులేదు. పెళ్లయిన కొత్తలో రెండుసార్లు చూశాం. అప్పుడు నాన్న పక్క గదిలోనే ఉన్నారు. పక్క గదిలో ఉన్న మనిషి మాట టీవీలో ఎవడు వింటాడు?

వీడియో స్టూడియో మూతపడింది. ఉన్నది ఆ ఒక్క క్యాసెట్టే, దానికీ బూజు పట్టడం మొదలైంది. ఒకరోజు అమ్మ నెమ్మదిగా అడిగింది.

"సంవత్సరీకానికి అందరూ వస్తారు కదరా. ఓపాలి మీ నాన్న మాట వినిపించరా."

బుద్ధున్న కొడుకైతే వీసీఆర్ దుమ్ము దులిపి, క్యాసెట్టు పెట్టి, మీట నొక్కేవాడు. పది నిమిషాల పని. నేను సాఫ్ట్‌వేర్‌వాణ్ని. టీవీ కింద పెట్టుకునే సినిమా కంప్యూటర్ ఒకటి తక్కువ ఖర్చులో నేనే విడిభాగాలు ఏరి తయారుచేస్తాననీ, నాన్నని డిజిటల్ చేసి అయిదు స్పీకర్లలో వినిపిస్తాననీ ప్రకటించాను. డిజిటల్ అంటే ఏమిటని అమ్మ అడగలేదు. అడిగుంటే గంట చెప్పేవాణ్ని.

ఇక నా పరిశోధన మొదలైంది. పిల్లకి సంబంధాలు చూసే తండ్రి కూడా అన్ని ఆరాలు తీయడు. ప్రాసెసర్ కోసం రెండు వారాలు, క్యాబినెట్ నల్లదా వెండిరంగుదా అని ఒక వారం. ఆఫీసులో పని మానేసి ఇంటర్నెట్‌లో ముక్కూ మొహం తెలియనివాళ్లతో మదర్‌బోర్డుల గురించి పోట్లాడాను. చివరికి జాబితా పట్టుకుని పార్క్‌లేన్‌లో యాదగిరి దుకాణానికి వెళ్లాను. యాదగిరికి నలభై ఏళ్లుంటాయి. కంప్యూటర్లు బిగించడంలో చెయ్యి తిరిగినవాడు. నా జాబితా కిందికీ మీదికీ చూశాడు.

"ఏం జూస్తవ్ తమ్మీ దీంట్ల?"

"మా చెల్లి పెళ్లి వీడియో."

"పెళ్లి వీడియోకు గింత సామాన్ ఎందుకు? స్పీకర్లకే సగం పైసలు పోతున్నయి."

"శబ్దమే ముఖ్యం యాదగిరి గారూ. స్పీకర్లలో మాత్రం రాజీపడను. వాటిని వచ్చే నెల జీతం రాగానే తీసుకుంటా. మిగతావాటిలో తగ్గించండి."

తగ్గించడానికి మిగిలింది టీవీ కార్డు. వీసీఆర్ నుంచి బొమ్మనీ శబ్దాన్నీ కంప్యూటర్‌లోకి లాక్కునేది అదే. అంటే నా అసలు పనికి కావలసింది ఆ ఒక్కటే. దాన్నే తగ్గించమన్నాను. యాదగిరి డబ్బా లేని కార్డు ఒకటి తీసి బల్లమీద పెట్టాడు.

"గిది ఓపెన్ పీస్, సస్తగ వస్తది. కని దీనెంట ఆడియో వైరు రాదు. ఈ కార్డుకెళ్లి సౌండ్ కార్డుకు చిన్న వైరు ఏస్తేనే ఆవాజ్ లోపటికి పోతది. వైరు సుత తీస్కపో."

"స్పీకర్లతో పాటు వైర్లు వస్తాయిగా."

"అవి వేరే తమ్మీ. అవి ఆవాజ్ బయటికి తెస్తయి. ఇది లోపటికి పంపుతది. మల్ల పరేషాన్ అయితవ్."

"నాకు తెలుసండీ. నేను సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నా."

యాదగిరి ఇంకేమీ అనకుండా కార్డు కాగితంలో చుట్టి ఇచ్చాడు. ఆ మాట తర్వాత మా సాఫ్ట్‌వేర్‌వాళ్లకి ఏదీ చెప్పకూడదని అతను అప్పటికే నేర్చుకున్నట్టున్నాడు.

ఆదివారం పొద్దున్నే అమ్మ కంప్యూటర్‌కి పసుపు రాసి బొట్టు పెట్టింది. వీసీఆర్‌కి కూడా పెట్టింది. దానికెందుకమ్మా, అది పోయేదే కదా అని నవ్వాను. క్యాసెట్టు తిరగడం మొదలైంది. టీవీ తెరమీద సుజాత పెళ్లికూతురై వచ్చింది. మూడు గంటలూ అమ్మ వంట పక్కనపెట్టి కుర్చీలో కూర్చుంది. భోజనాల బంతి వచ్చింది. నాన్న వచ్చారు. చెయ్యి చూపించారు, నోరు కదిపారు.

"గొంతు వినబడ్డంలేదేటిరా?"

"స్పీకర్లు ఇంకా కొనలేదు కదమ్మా. లోపల రికార్డవుతోంది."

"టీవీలోంచి రాదేటి?"

"ఈ డొక్కు టీవీలో నాన్న గొంతు వింటావా? దానికి వైరే కలపలేదు. అయిదు స్పీకర్లు రానీ. నాన్న నీ వెనకాలే నిలబడి మాట్లాడినట్టు ఉంటుంది."

"వెనకాలెందుకురా, ఎదురుగా ఉంటే చాలదా?"

నవ్వి ఊరుకున్నాను. నా దగ్గర ఇయర్‌ఫోన్ ఉంది. చెవిలో పెట్టుకుంటే అర నిమిషంలో తేలిపోయేది. ఆఫీసులో ఎవడైనా ఇలా పరీక్షించకుండా వదిలితే వాడి పేరు ఎర్ర అక్షరాల్లో రాసేవాణ్ని. కానీ ఈ యంత్రంలోంచి మొదటి శబ్దం అయిదు స్పీకర్లలోంచే రావాలని నేనొక వ్రతం పెట్టుకున్నాను. వ్రతానికి భంగం రానివ్వలేదు.

మర్నాడు వీధిలో పాత సామాన్లవాడు అరిచాడు. వీసీఆరూ క్యాసెట్టూ రెండూ పట్టుకుని గేటు దగ్గరికి నడిచాను. అమ్మ చేతులు తుడుచుకుంటూ వెనకే వచ్చింది.

"క్యాసెట్టు ఉంచరా. బీరువాలో ఓ మూల పడుంటాది. అదేమైనా కూడు అడుగుతాదా?"

"అమ్మా, అంతా కంప్యూటర్‌లో ఉంది. ఇది ఉత్త ప్లాస్టిక్ చెత్త, బూజు పట్టింది కూడా."

పాత సామాన్లవాడు రెండూ తీసుకుని ఒక మగ్గు ఇవ్వబోయాడు. నేనంత అమాయకుణ్నా? పావుగంట బేరమాడి నీలం బకెట్టు రాబట్టాను. అమ్మ ఆ బకెట్టుని చూసింది, నన్ను చూసింది, లోపలికి వెళ్లిపోయింది.

సంవత్సరీకం రోజు వచ్చింది. భోజనాలయ్యాక సుజాత, చిలకలగూడ నుంచి వచ్చిన వాళ్ల అత్తవారివైపు నలుగురు, మా బాబాయిలు, అందరూ హాల్లో చేరారు. టేపుతో కొలిచి, అయిదు స్పీకర్లకీ సరిగ్గా మధ్యలో అమ్మకి కుర్చీ వేశాను. ముందుగా ఒక సినిమాలో ఉరుముల సీను పెట్టాను. కిటికీ అద్దాలు అదిరాయి. ఒక బాబాయి ఉలిక్కిపడి పైకప్పు చూశాడు. అందరూ నన్ను మెచ్చుకున్నారు. ఆ మెప్పు నాకు దక్కింది ఒక్క నిమిషం. దాన్నిప్పటికీ తలుచుకుంటూ ఉంటాను, ఎందుకంటే ఆ తర్వాత ఆ ఇంట్లో నన్నెవరూ మెచ్చుకోలేదు.

పెళ్లి వీడియో మొదలైంది. బొమ్మ అద్దంలా ఉంది. పాట లేదు.

"వాల్యూమ్ పెంచు బావా," అన్నాడు సుజాత భర్త.

పెంచాను. ఇంకా పెంచాను. చివరిదాకా తిప్పాను. అయిదు స్పీకర్లూ కలిసి సన్నగా గుయ్యిమన్నాయి, ముందువీ వెనకవీ సరిసమానంగా. నాకు పార్క్‌లేన్, బల్లమీది కార్డు, యాదగిరి చెప్పిన 'లోపటికి' అన్న మాట, ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. వీడియోని భోజనాల దాకా జరిపాను. నాన్న వచ్చారు. చెయ్యి చూపించారు. నోరు కదిపారు. గుయ్యి.

"అన్నయ్యా, పోనీ క్యాసెట్టు పెట్టెయ్," అంది సుజాత.

స్నానాలగదిలో ఎవరో కుళాయి సరిగ్గా కట్టలేదు. బకెట్టులోకి నీళ్లు పడుతున్న చప్పుడు మాత్రం అందరికీ చక్కగా వినపడింది.

"క్యాసెట్టేది?" సుజాత మళ్లీ అడిగింది.

అమ్మ స్నానాలగది వైపు చూపించింది. సుజాతకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక ఏడుస్తూ నన్ను తిట్టింది. ఆ తిట్లలో ఒక్కటి కూడా అన్యాయం కాదు.

మర్నాటి నుంచి సెలవు పెట్టి మల్కాజ్‌గిరి సందులన్నీ తిరిగాను. నాలుగో రోజు ఆ పాత సామాన్లవాడు దొరికాడు. వాడు తీసుకెళ్లి చూపించిన గోదాములో గోనెసంచుల నిండా క్యాసెట్లలోంచి లాగేసిన నల్ల రిబ్బను. అందులో నాన్న ఏ సంచిలో ఉన్నారో చెప్పమని వాణ్ని అడిగాను. వాడు నాకు మతి పోయిందనుకుని మంచినీళ్లు ఇచ్చాడు. అక్కణ్నుంచి యాదగిరి దగ్గరికి పోయి జరిగింది చెప్పాను. 'చెప్పాను కదా' అంటాడనుకున్నాను. అనలేదు. డ్రాయరు లాగి ఒక వైరు తీసి నా చేతిలో పెట్టాడు.

"పైసలొద్దు తమ్మీ," అన్నాడు.

జానెడు కూడా లేదది.

ఇంతకీ సంవత్సరీకం రోజు ఎలా ముగిసిందో చెప్పలేదు. సుజాత ఏడుపు తగ్గాక, నాన్న బొమ్మని మళ్లీ వేయమంది అమ్మ. వేశాను. ఆయన నావైపు చెయ్యి చూపించి నోరు కదిపారు.

"మీ నాన్న ఏటన్నారో నాకు తెలుసు," అంది అమ్మ. "'ఈడికి చెప్పినా వినడు, ఊరికే చెప్పకండి' అన్నారు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. శిక్ష అంతటితో పోయిందనుకున్నాను.

మరుసటి ఏడు మళ్లీ ఆ బొమ్మ వేయమంది. చూసి, "'ఈడు తిన్నాడా లేదా, ముందు ఈడికి వడ్డించండి' అన్నారు," అంది. ఆ పై ఏడు, "'ఈడి పెళ్లి కూడా చేసేస్తే నాకు బెంగ లేదు' అన్నారు," అంది. అప్పుడు తెలిసింది నాకు, ఆమెకీ గుర్తులేదని. ఏడాదంతా వెతుక్కుని ఒక మాట తెచ్చుకుంటోంది. పోయినేడు మాత్రం బొమ్మని చాలాసేపు చూసి ఏమీ అనలేదు. నేనే ఉండబట్టలేక అడిగాను.

"ఏమన్నారమ్మా?"

"నువ్వు చెప్పు. లోపల ఉందన్నావు కదా," అంది.

ఆ బకెట్టు పారేసి కొత్తది తెద్దామని ఎన్నిసార్లు అన్నా అమ్మ ఒప్పుకోదు. 'ఉంచరా' అంటుంది. ఉంచాను. కాబట్టి పీలిక కట్టిన ఆ నీలం బకెట్టు మీద చెయ్యి వేసి, పాఠకులందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. చెవి పెట్టి వినకుండా ఏదీ లోపల ఉందని ఇక ఎవరికీ చెప్పను. యాదగిరి ఏ వైరు ఇచ్చినా నోరు మూసుకుని తెచ్చుకుంటాను. అమ్మ 'ఉంచరా' అన్నది చచ్చినా గడప దాటించను. బకెట్టు కావాల్సి వస్తే మోండా మార్కెట్‌కి వెళ్లి, అందరిలాగే డబ్బులిచ్చి కొనుక్కుంటాను.