ప్లైవుడ్ మిల్లులో జోడీ పని

పాలిటెక్నిక్ చివరి ఏడాది ఏదైనా ఫ్యాక్టరీలో పనిచేసి రావాలి. నాకు భద్రాచలం దగ్గరి ప్లైవుడ్ మిల్లు పడింది. ఖమ్మంలో పొద్దున ఆరున్నర బస్సెక్కాను. ఆడవాళ్లకు ఆధార్ చూపిస్తే జీరో టికెట్టు. తల్లాడలో మిర్చి బజ్జీలు, టీ మాత్రం సొంత ఖర్చు. పాల్వంచ దాటాక రోడ్డుకు రెండు వైపులా అడవే. మధ్యాహ్నానికల్లా భద్రాచలంలోని హాస్టల్లో సంచి పడేసి, షేర్ ఆటోలో మిల్లుకు చేరాను.

"చదువుకునే పిల్లవు, జిగురుల చెయ్యెందుకమ్మా? ఆఫీసుల కూసో," అన్నాడు మేనేజరు. నాకు ఒళ్లు మండింది. కుర్చీలో కూర్చోవడానికైతే ఇంత దూరం రావాలా? పట్టు వదల్లేదు. "సరే, ఎవరన్న జోడీ కలుపుకుంటే చెయ్," అన్నాడు చివరికి.

అక్కడ జామాయిల్ దుంగను మిషన్ పల్చటి పొరలుగా ఒలుస్తుంది. ఎండిన పొరలకు జిగురు పూసి, బల్లకు అటొకరు ఇటొకరు నిలబడి అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి పేరుస్తారు. ఆ ఇద్దరూ జోడీ. వాళ్లు పేర్చింది వేడి ప్రెస్సులో నొక్కితే పలక అవుతుంది. పలక చెడితే ఇద్దరిదీ తప్పే, ఎవరిదని విడదీయరు. అందుకే కొత్తవాళ్లతో ఎవరూ కలవరు. దగ్గరి గూడెం నుంచి వచ్చే ముత్తమ్మక్క మాత్రం, "దా బిడ్డా, నా కాడికి రా," అంది.

మూడో రోజు నేను సరిగా ఆరని పొర పెట్టాను. వేడి ప్రెస్సులోంచి పలక పూరీలా పొంగి బయటికొచ్చింది. మేస్త్రీ గుడ్లురిమాడు.

"ఇంకొక్కటి పొంగితే ఈ పిల్ల ఆఫీసుకు, నువ్వు ఎండల పొరలు ఆరబెట్టనీకి!"

"మా ఇద్దరి తోని తప్పైంది," అంది అక్క, తప్పు తనది కూడా అయినట్టు. ఏడుపు ఆగలేదు నాకు. అక్కకు సారీ చెప్పబోయాను.

"ఏంది సారీ? జల్దీ పొర అందుకో."

తర్వాతి పలకకు ప్రతి పొరనూ తడి ఉందేమోనని చెంపకు ఆనించి చూశాకే పెట్టాను. మేస్త్రీ వేలి మెటికలతో పలకంతా కొట్టి చూశాడు. ఎక్కడా డొల్ల మోత లేదు. "పోనీ, ఇద్దరూ ఈడనే ఉండుండ్రి," అని వెళ్లిపోయాడు. అక్క చీర కొంగుతో నా ముఖం మీది జిగురు తుడిచింది. ట్రైనింగ్ అయ్యేదాకా ఆ బల్ల మాదే.

భద్రాచలం వెళ్లేవాళ్లు గుడి, పర్ణశాల చూసి వస్తారు. చూడాల్సిందే. నేను చూసిన గొప్పతనం మాత్రం ఆ రేకుల షెడ్డులోనే ఉంది.

తిరుగు బస్సులో ప్రసాదం సంచితో ఒక పెద్దమ్మ పక్కన కూర్చుంది.

"దర్శనానికి వచ్చినవా బిడ్డా?"

"లేదు పెద్దమ్మా. మిల్లుల పనికి వచ్చిన."

"ఆడపిల్లవు, ఒక్కదానివే చేసినవా?"

"ఒక్కదాన్నెందుకు? ముత్తమ్మక్కా నేనూ చేసినం."